రాయి విసురు, కర్ర విసురు

తెలుగులో “విసురు” అనే మాట చేసే చాకిరీ ఇంతా అంతా కాదు. రాయి విసురుతాము. కత్తి విసురుతాము. ఎండాకాలం విసనకర్ర విసురుకుంటాము. మా అమ్మ తెల్లవారుజామున తిరగలి ముందు కూర్చుని జొన్నలు విసిరేది. చేతిలోది వదిలిపెట్టినా విసరడమే, వదలకుండా గట్టిగా పట్టుకుని తిప్పినా విసరడమే. మన ఇరుగుపొరుగు మరాఠీవారికి యీ చిక్కు లేదు. రాయి అయితే “ఫేకణే” అంటారు, కర్ర అయితే “ఫిరవణే” అంటారు. రెండు పనులు, రెండు మాటలు.

ఇంటిల్లిపాదీ చదువుకునే పత్రికలో యీ భాషాచర్చ ఏమిటని అడుగుతారేమో. చెబుతాను. ఆ ఒక్క మాట మూలాన మా ఇంట్లో పన్నెండేళ్ళ పిల్లవాడి మోచేయి పాడైనంత పని అయింది. ఆ మాట అన్న పెద్దమనిషిని నేనే.

మా మనవడు ఇక్కడే నాందేడులో ఏడవ తరగతి చదువుతున్నాడు. వాడి బడిలో బేస్‌బాల్ జట్టు వున్నది. మన మహారాష్ట్ర బళ్ళలో యీ ఆటనూ, దీని చెల్లెలు సాఫ్ట్‌బాల్‌నూ చాలా కాలంగా ఆడిస్తున్నారు. ఆట ఎరగని పెద్దలకోసం నాలుగు ముక్కలు చెబుతాను. క్రికెట్టులో వలెనే ఒకడు బంతి వేస్తాడు, ఒకడు కొడతాడు. కాని బంతి నేలను తాకకుండా నేరుగా రావాలి. వేసేవాడు దూరంనుంచి పరుగెత్తుకు రాడు. వున్నచోటునే నిలిచి, ఒక్క అంగ వేసి, మోచేయి వంచి విసురుతాడు. పెద్దల ఆటలో ఆ దూరం 60 అడుగుల 6 అంగుళాలు, పిల్లలకు ఇంకా తక్కువ. కొట్టేవాడి చేతిలో పలకబ్యాటు వుండదు. రోకలిని సన్నగా చెక్కినట్లు గుండ్రని కర్ర వుంటుంది. దానిని భుజంమీదుగా ఎత్తి పట్టుకుని అడ్డంగా తిప్పాలి. పెద్దల బంతి 145 గ్రాముల పైచిల్లర, కర్ర 900 గ్రాముల ప్రాంతం.

మావాడు బంతి విసరడంలో గట్టివాడు. కర్ర తిప్పడంలో మాత్రం తేలిపోయేవాడు. ఒకనాటి సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చి, “తాతా, కొట్టడం వస్తలేదు” అన్నాడు. నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఎందుకంటే విసరడం గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం.

మాది బిలోలీ తాలూకాలో ఒక పల్లె. నేను పుట్టేనాటికి అది హైదరాబాదు రాష్ట్రంలో వుండేది. బడిలో వేసే యేడు, 1956 లో, బొంబాయి రాష్ట్రంలోకి వెళ్ళింది. పదేళ్ళవాణ్ణయ్యేసరికి 1960 లో మహారాష్ట్ర అయింది. వూరు మాత్రం వున్నచోటనే వున్నది, ఇంట్లో తెలుగూ వీధిలో మరాఠీ అట్లాగే నడిచినవి. ఆ పదేళ్ళ వయస్సులో నా ఉద్యోగం జొన్నచేను కావలి. కంకి పాలుపోసుకునే రోజుల్లో పిచ్చుకలూ చిలకలూ గుంపులుగా వచ్చి వాలేవి. మంచె ఎక్కి, వడిసెలలో గులకరాయి పెట్టి, గిరగిర తిప్పి వదిలేవాణ్ణి. మరాఠీవారు దానినే గోఫణ్ అంటారు. చేను ఆ చివర వాలిన పిట్టల పక్కన రాయి పడేట్టు కొట్టగలిగేవాణ్ణి. రోజుకు ఎన్ని వందల రాళ్ళు విసిరానో లెక్కలేదు. ఒక్కనాడూ చేయి నొచ్చిన జ్ఞాపకం లేదు.

అంచేత మావాడితో, “ఓరి పిచ్చివాడా, రాయి విసిరినట్టే కర్ర విసురు. అంతా ఒకటే. నీకు బంతి విసరడం వచ్చుగదా, అదే ఇంకా విసురు, కొట్టడం దానంతట అదే వస్తుంది” అన్నాను. పెరటి గోడమీద బొగ్గుతో ఒక గడి గీశాను. మైదానంలో ఆట ముగించుకుని వచ్చిన పిల్లవాడు దీపాలు పెట్టేదాకా ఆ గోడకు బంతి విసిరేవాడు. నేను కుర్చీ వేసుకుని “శభాష్” అనేవాణ్ణి.

ఇట్లా నెలన్నర గడిచింది. ఒక రాత్రి భోజనాల దగ్గర కోడలు గమనించింది, వాడు జొన్నరొట్టె ఎడమచేత్తో తుంచుతున్నాడు. “ఏందిరా అది?” అంటే మాట్లాడడు. కుడి మోచేయి పట్టుకుని చూస్తే లోపలివైపు ఎముకమీద వేలు పెట్టనివ్వడం లేదు. చేయి పూర్తిగా చాచలేకపోతున్నాడు. పోటీలు దగ్గరపడుతున్నవి, చెబితే జట్టులోనుంచి తీసేస్తారని దాచుకున్నాడట.

మరునాడు ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకుపోయాము. ఆయన మరాఠీవారు, నిదానస్తుడు. ఎక్సురే తీయించి చూసి, “ఆజోబా, పిల్లవాడు రోజుకు ఎన్ని బంతులు విసురుతాడు?” అని అడిగారు. మైదానంలో ఎన్నో వాడి సారు లెక్కపెడతాడు. గోడకు ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. డాక్టరుగారు వేళ్ళమీద అంచనా వేసి చెప్పిన లెక్క రోజుకు నూట యాభైకి తగ్గలేదు. ఆరువారాలు విసరకూడదన్నారు. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే సాగివుంటే ఎముక పెరిగేచోట చీలిక వచ్చేదన్నారు.

నేను సిగ్గుపడ్డాను. వడిసెలతో నూరు రాళ్ళు విసిరిన నా చేతికి రాని నొప్పి, చిన్న బంతి విసిరిన యీ చేతికి ఎందుకు వచ్చింది? కొట్టడం ఎందుకు రాలేదు? డాక్టరుగారిని అడిగి, ఆట సారును అడిగి, మనవడి చేత ఇంటర్నెట్టులో నెమ్మదిగా తిప్పిన బొమ్మలు చూపించుకుని తెలుసుకున్నది రాస్తున్నాను. మన వాళ్ళ పిల్లలు చాలామంది యిప్పుడు యీ ఆటల్లో వున్నారు. తాతలకూ కొరత లేదు.

మొదట నా మాటలో వున్న నిజం చెప్పనివ్వండి, కొంత వున్నది మరి. రాయి విసిరేవాణ్ణీ కర్ర తిప్పేవాణ్ణీ నడుముకు పైన కనబడకుండా తెర కట్టి చూస్తే, ఎవడు ఏ పనిలో వున్నాడో చప్పున పోల్చలేము. ఇద్దరూ పక్కకు తిరిగి నిలుస్తారు. కుడిచేతివాడయితే బరువు కుడికాలిమీద వుంచి, ఎడమకాలు ముందుకు వేస్తాడు. ఆ ఎడమ పాదం నేలను తాకి నిలవగానే తుంటి తిరగడం మొదలవుతుంది. భుజాలు అప్పటికింకా వెనుకకే వుంటాయి. తుంటి ముందు, ఛాతీ వెనుక: మధ్యన నడుము కండరాలు తడిబట్ట పిండినట్లు మెలిపడతాయి. ఆ మెలిక విడివడుతూ భుజాలను లాగుతుంది, భుజాలు చేతులను లాగుతాయి. ఎడమ మోకాలు బిగుసుకుని గుంజలాగా నిలబడి, ముందుకు పోయే బరువును అక్కడికక్కడ ఆపుతుంది. బండి చక్రం కింద రాయి అడ్డంపడితే బండిలోనివాడు ముందుకు తూలినట్లు, కింద ఆగిన వేగం పైకి ఎక్కుతుంది.

ఎడ్లు తోలే చర్నాకోల చూసినవారికి యిది సులువుగా తెలుస్తుంది. పిడి దగ్గర చేయి కదిలేది జానెడు. ఆ కదలిక తోలు వెంట పోతూపోతూ, సన్నబడినకొద్దీ వేగం హెచ్చి, చివరి కొస దగ్గర టపీమని పేలుతుంది. మనిషి ఒళ్ళూ అట్లాంటి చర్నాకోలే. పాదాలు పిడి, తుంటీ నడుమూ మందపు తోలు. అందుకే బలమంతా చేతుల్లో వున్నదనుకోవడం పొరపాటు. అమెరికాలో 1941 లో సగటు .406 తెచ్చుకున్న టెడ్ విలియమ్స్ అనే మహా బ్యాటరు, కొట్టడం గురించి ఒక పుస్తకమే రాసి, చేతులను నడిపేది తుంటి అని గట్టిగా బోధించాడు. ఆయన కంటితో చూసి చెప్పినదానిని తరువాతివాళ్ళు కెమెరాలతో కొలిచారు. 1995 లో అచ్చయిన ఒక కొలతలో, బాగా కొట్టేవారి తుంటి సెకనుకు 714 డిగ్రీల వేగంతో తిరిగింది, భుజాలు 937 డిగ్రీలతో తిరిగాయి, కర్ర కొస సెకనుకు 31 మీటర్ల వేగం అందుకున్నది. కిందనుంచి పైకి వచ్చినకొద్దీ వేగం ఎట్లా ఎక్కుతున్నదో చూడండి.

ఇంతవరకు “అంతా ఒకటే” అన్న మాట చెల్లుతుంది. చిక్కంతా చర్నాకోల చివరి కొస దగ్గర వస్తుంది. కర్ర తిప్పేటప్పుడు ఆ కొస కర్రే. రాయి విసిరేటప్పుడు ఆ కొస మనిషి చేయి.

బంతి విసిరేవాడి చేతిని నెమ్మదిగా తిప్పిన బొమ్మలో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. మోచేయి భుజం ఎత్తుకు లేస్తుంది. ఛాతీ ముందుకు తిరుగుతుంటే ముంజేయి మాత్రం వెనుకకు వాలిపోతుంది. అరచేయి ఆకాశం వైపు, ముంజేయి ఇంచుమించు నేలకు సమంగా అయ్యేదాకా. ఎవరయినా పనిగట్టుకుని మన చేతిని అట్లా వెనుకకు వంచితే కేకపెడతాము. ఆ వాలడంలో భుజం చుట్టూ వున్న నరాలూ కట్లూ వింటినారిలాగా సాగుతాయి. మరుక్షణం ఆ నారి వదులుతుంది. అప్పుడు భుజం లోపలికి తిరిగే వేగం పెద్ద ఆటగాళ్ళలో సెకనుకు 7000 డిగ్రీల దాకా పోతుంది. అదే వేగంతో తిరుగుతూ వుండగలిగితే సెకనుకు పంతొమ్మిది చుట్లు. మనిషి ఒంట్లో ఇంతకన్న వేగంగా కదిలేది లేదని చెబుతారు.

ఈ విద్య మనిషికే సొంతం. 2013 లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, మనకన్న ఎంతో బలం గల చింపాంజీ గట్టిగా విసిరితే వచ్చే వేగం గంటకు 32 కిలోమీటర్లు. ఆట నేర్చిన పన్నెండేళ్ళ కుర్రవాడు దానికి మూడింతల వేగంతో విసురుతాడు. మన నడుము విడిగా తిరగగలగడం, భుజం పక్కకు తెరుచుకుని వుండడం, దండచేయి ఎముకలోని మెలిక, యీ మూడూ కలిసి సుమారు 20 లక్షల ఏళ్ళ కిందట మన పూర్వులకు వచ్చినవని వారు తేల్చారు. వేటకు అది అక్కరకు వచ్చివుంటుందని వారి ఊహ. పూటకు పది రాళ్ళు విసిరే వేటగాడికి అమిరిన చేయిని మనం నూట యాభై బంతులకు వాడుతున్నాము.

మూల్యం చెల్లించేది మోచేయి. ముంజేయి వెనుకకు వాలి, చటుక్కున ముందుకు మళ్ళే ఆ క్షణంలో మోచేతి లోపలివైపు తెరుచుకుపోవాలని చూస్తుంది. అక్కడ ఎముకకు ఎముకను కట్టిపట్టిన చిన్న లిగమెంటు ఒకటి వున్నది. పెద్దల వేగానికి వచ్చే లాగుడును ఆ కట్టు ఒక్కటే భరించలేదు. చుట్టూ వున్న కండరాలు పాలు పంచుకోవాలి. అలసిన కండరం పాలు పంచుకోదు. పెద్దవాడయితే కట్టు తెగుతుంది. పిల్లవాడిలో కట్టుకన్నా, అది అంటుకున్న ఎముక పెరుగుదల అంచు బలహీనం. అందుకని ముందు అదే లేచిపోతుంది. మావాడిలో లేవబోయింది అదే.

ఈ ఆట పుట్టిన దేశంలోనే ఇందుకు ఎందరు బలి అయ్యారో లెక్కలేదు. శాండీ కోఫాక్స్ అనే మహాబలుడు 1966 లో ఒక్క యేడు 27 ఆటలు గెలిపించి, ఆ యేడే మోచేయి అరిగి, 30 ఏళ్ళకు ఆట మానుకున్నాడు. 1974 లో టామీ జాన్ అనే అతనికి అదే కట్టు తెగితే, ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు ముంజేతినుంచి ఒక నరాన్ని తీసి అక్కడ కట్టులాగా అల్లాడు. అందరూ అతని ఆట అయిపోయిందనుకున్నారు. అతడు 1989 దాకా ఆడి, కోత తరువాతనే 164 ఆటలు గెలిచాడు. ఆ శస్త్రచికిత్సకు రోగి పేరే నిలిచిపోయింది. వైద్యుడి పేరు మరుగున పడి రోగి పేరు నిలవడం అరుదే మరి.

ఇంక బంతి చేయి దాటిన తరువాత కూడా పని తీరదు. బంతి పోయింది, చేయి మిగిలింది. అంత వేగంగా పోయే చేయిని ఆపవలసింది భుజం వెనుక వున్న సన్న కండరాలే. కర్ర తిప్పేవాడికి యీ బాధ చాలావరకు లేదు. కర్ర వాడి చేతుల్లోనే వుండి, తన బరువుతో చుట్టూ తిరిగిపోయి తానే ఆగుతుంది.

కర్ర విసురులో చేతుల సంగతి చూడండి. రెండు చేతులూ ఒక్క పిడికి కట్టుబడి వున్నాయి గనుక ఏ చేయీ వెనుకకు వాలిపోయే వీలు లేదు. తుంటి తిరగగానే కుడి మోచేయి లేవదు సరికదా, దిగి పక్కటెముకలకు ఆనుకుంటుంది. చేతులు ఒంటికి దగ్గరగా వుండి, కర్ర చివర మాత్రం ఆఖరు క్షణంలో బయటికి దూసుకువస్తుంది. బంతి తగిలేవేళకు కుడి అరచేయి పైకి, ఎడమ అరచేయి కిందికి. ఒళ్ళు బంతి వైపు వాలకూడదు. తల వెనుకనే నిలవాలి. విసిరేవాడు దీనికి పూర్తిగా ఎదురు: తన ఎత్తుకు ఇంచుమించు సరిపడే పెద్ద అంగ వేసి, నడుము ముందుకు వంచి, బంతి వెంట తానూ పోతాడు. కొట్టేవాడు పొట్టి అడుగు వేసి, నిలువుగుంజ చుట్టూ తిరిగినట్లు తిరుగుతాడు. నా మాట విన్న మావాడు కర్ర పట్టుకుని కూడా మోచేయి పైకెత్తి ముందుకు తూలేవాడు. కర్ర ఆలస్యంగా, పైనుంచి కిందికి వచ్చేది. బంతి ఎప్పుడో దాటిపోయేది.

కొట్టడానికి దగ్గరి చుట్టం ఏదని అడిగితే పార అని చెబుతాను. కాలవ తీసేటప్పుడు పారతో మట్టి ఎత్తి పక్క గట్టుమీదికి విసిరే కూలివాణ్ణి చూడండి. రెండు చేతులూ కర్రమీదే. మోచేతులు ఒంటికి ఆనుకుని వుంటాయి. ఒక అరచేయి పైకి, ఒకటి కిందికి. కాలు నాటి, తుంటి తిప్పి మట్టిని పంపుతాడు. చేతులతో పంపితే పూటకే కూలబడతాడు. ఇప్పుడు జట్లలో బరువు బంతిని రెండు చేతులతో నడుము పక్కనుంచి విసిరిస్తున్నారే, ఆ సాధన యీ పనికి తోబుట్టువే. విసరడంవల్ల కొట్టడం వస్తుందన్న నా మాట అట్లాంటి విసురుకయితే చెల్లును.

మరి నా వడిసెల? ఆ రహస్యం తెలిసినప్పుడు నవ్వుకున్నాను. నేను అన్నేళ్ళు రాయి విసిరాననుకున్నది నిజానికి రాయి విసురు కానే కాదు. మూరెడు పొడవు తాడు నా చేతికి కొసలాగా అమరింది. చివరి వేగమంతా తాడుకు వచ్చింది; నా చేయి పిడిపనే చేసింది. ముంజేయి వెనుకకు విరుచుకోవలసిన అగత్యం లేకపోయింది. పనిముట్టు పట్టిన చేయి వేరు, ఉత్త చేయి వేరు. ఉత్త చేయి పడే కష్టం నేను ఏనాడూ ఎరగను.

ఇక రెండవ పెద్ద తేడా ఒంటిది కాదు, కాలానిది. విసిరేవాడు కాలానికి యజమాని. తనకు ఇష్టమయినప్పుడు మొదలుపెడతాడు. కొట్టేవాడు బంతికి బంటు. గంటకు 145 కిలోమీటర్ల బంతి చేతినుంచి వెలువడి బ్యాటరును చేరడానికి పట్టేది సెకనులో పదింట నాలుగు వంతులు. కర్ర తిప్పడానికే 0.15 సెకను కావాలి. మిగిలిన పావు సెకనులో బంతి ఎక్కడికి వస్తున్నదో చూడాలి, కొట్టాలా వదలాలా తేల్చుకోవాలి. అందుకే కర్ర విసురు పొట్టిగా, దగ్గరిదారిన వుండాలి. పెద్ద అంగలకూ వంపులకూ తీరిక లేదు. తగిలిన తరువాత కర్రమీద బంతి వుండేది సెకనులో వెయ్యోవంతు కూడా కాదు. ఆ క్షణంలో గట్టిగా బిగించి పట్టినా, వదులుగా పట్టినా బంతి వేగం మారదని భౌతికశాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. చేయవలసిన పని అంతా అంతకు ముందే అయిపోయి వుంటుంది.

ఈ రెంటికీ మధ్యన మన చిర్రాగోనె వున్నది. తెలంగాణం వైపు ఆ పేరు, కోస్తావైపు బిళ్ళంగోడు, ఇక్కడి పిల్లలకు విటీదాండూ. చిర్ర కొస మీద తట్టి, గాలిలోకి లేపి, తానే కొడతాడు పిల్లవాడు. అంటే కొట్టేవాడయి కూడా కాలానికి తానే యజమాని. ఒక్క చేత్తో కొడతాడు గనుక మోచేయి విసురువాడిలాగా కాస్త తెరుచుకుంటుంది. అవతలి జట్టువాడు ఆ చిర్రనే తిరిగి విసురుతాడు. ఒక్క ఆటలోనే రెండు విసుర్లూ వున్నాయి. కంటికి తగలకుండా చూసుకుంటే అంత మంచి బడి ఇంకొకటి లేదు. బేస్‌బాల్‌కు పోయే పిల్లలకు ముందు రెండేళ్ళు చిర్రాగోనె ఆడించాలని నా అభిప్రాయం. మావాడి సారు యీ మాటకు నవ్వి వూరుకున్నాడు.

కొట్టడమనగానే మహారాష్ట్రలో పాతుకుపోయిన తెలుగువాళ్ళం సి. కె. నాయుడును తలచుకోకుండా వుండలేము. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895 లో పుట్టి, 1932 లో భారతదేశపు మొట్టమొదటి టెస్టు కెప్టెన్ అయినవాడు. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానాలో గిల్లిగన్ తెచ్చిన ఎం. సి. సి. జట్టుమీద 153 పరుగులు చేసి, అందులో పదకొండు సిక్సర్లు కొట్టాడు. ఆయన ఒడ్డూపొడుగూ మంచివే, కాని ఒట్టి కండబలంతో అన్ని బంతులు గీత దాటవు. కాలు నాటి, నడుము తిప్పి, కర్రను సకాలంలో వదలడం వల్లనే దాటుతాయి. ఆయన తమ్ముడు సి. ఎస్. నాయుడు బంతి తిప్పేవాడు. 1944-45 రంజీ ఫైనలులో హోల్కర్ తరఫున బొంబాయిమీద ఒక్క ఆటలో 917 బంతులు వేశాడు. బేస్‌బాల్ విసురుతో ఆ పని ఏ మనిషివల్లా కాదు. ఆయన వేసింది నెమ్మది బంతే. పైగా క్రికెట్టులో బౌలింగుకు మోచేయి వంచి చాచరాదన్న నియమం వున్నది. ఇప్పటి చట్టంలో 15 డిగ్రీలవరకే మినహాయింపు. చేయి చక్రంలాగా తిరుగుతుంది, వెనుకకు విరుచుకోదు. మోచేయి బతికిపోతుంది, వేగంగా వేసేవాళ్ళ నడుము ఎముకలు ఆ బాకీ తీరుస్తాయి. బాకీ మాత్రం ఎవరో ఒకరు తీర్చక తప్పదు. కర్రవాళ్ళకు కూడా పక్కడొక్క కండరాలు పట్టేస్తుంటాయి. పిడి చివర పట్టిన చేతిలో, చిటికెనవేలి వైపు అరచేతి మూలనున్న చిన్న ఎముక ఒక్కోసారి విరుగుతుంది.

2008 లో అమెరికానుంచి జె. బి. బెర్న్‌స్టయిన్ అనే ఆయన వచ్చి మన దేశంలో బంతి విసిరే పోటీ పెట్టిన సంగతి కొందరికి గుర్తుండవచ్చు. బేస్‌బాల్ ఏమిటో ఎరగని ఉత్తరప్రదేశ్ కుర్రవాళ్ళు, ఈటె విసిరే రింకూ సింగ్, దినేశ్ పటేల్, ఆ యేడే పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థలో చేరారు. దానిమీద సినిమా కూడా వచ్చింది. ఆయన కొట్టేవాళ్ళకోసం వెతకకపోవడం గమనించండి. విసురు వేగం యంత్రంతో ఒక్క పూటలో కొలవవచ్చు. ఈటెవాడి ఒంట్లో అది సిద్ధంగా వుంటుంది. ఎదుటివాడు విసిరిన బంతిని చదివి కొట్టడం ఏళ్ళ తరబడి సాధన చేస్తేగాని రాదు.

మా ఇంటికి తిరిగి వస్తాను. ఆరువారాలూ గోడమీది బొగ్గుగడికి కోడలు సున్నం పూసేసింది. నొప్పి పూర్తిగా పోయిన తరువాత, విసరడం కంటే ముందు కర్ర పట్టుకోనిచ్చారు డాక్టరుగారు. అదే మేలు చేసింది. విసరడం మరిచి, పార పట్టినట్లు మోచేయి దించి తిప్పడం వాడికి అలవాటయింది. ఇప్పుడు పదింట మూడు నాలుగు తగులుతున్నాయి.

విసరడానికి అమెరికావాళ్ళు 2014 లో వయస్సులవారీగా పెట్టుకున్న లెక్కను వాడి సారే నాకు చూపించాడు. 11, 12 ఏళ్ళవాళ్ళు ఆటలో రోజుకు 85 బంతులు దాటరాదు. 13, 14 ఏళ్ళవాళ్ళు 95. పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళు ఒకరోజు 66 గాని అంతకు పైన గాని విసిరితే నాలుగు రోజులు చేతికి సెలవు ఇవ్వాలి. నొప్పి వుంటే ఒక్కటి కూడా వద్దు. కర్ర తిప్పడానికి ఇట్లాంటి లెక్క ఎవరూ పెట్టలేదు. మావాడికి డాక్టరుగారు చెప్పిన హద్దు ప్రస్తుతానికి నలభై.

నేనిప్పుడు రోజూ సాయంత్రం మైదానానికి పోతున్నాను. ఎడమ జేబులో నలభై గులకరాళ్ళు వేసుకుంటాను. వాడు ఒక బంతి విసిరితే ఒక రాయి కుడి జేబులోకి మారుతుంది. మొన్న ఎడమ జేబు ఖాళీ అయ్యేసరికి వాడు బాగా వేడిమీద వున్నాడు. ఇంకొక్కటి, ఇంకొక్కటే అని సైగ చేశాడు. నేను తల అడ్డంగా తిప్పాను. బంతి పక్కవాడికి ఇచ్చేసి, గొణుక్కుంటూ పోయి కర్ర తెచ్చుకున్నాడు.